తోక తిప్పే బండి

ప్రొద్దుటూరు,
20 ఏప్రిల్ 1958

అన్నకు, శ్యామల కోపంగా రాస్తున్న ఉత్తరం.

నీ బండిని నిన్న లారీ మీద తెచ్చి హబీబుల్లా ఇనుప సామాన్ల దొడ్లో దించారు. మీ బావను అంగడి గల్లా మీద నుంచి లేపి, వెంటబెట్టుకొని పోయి చూసొచ్చాను. ముందు బంపరు వంగింది. ఎడమ చక్రం మీది రెక్క నలిగింది. ముందు అద్దం పోయింది. ఇంజనుకు మాత్రం ఏమీ కాలేదు. హబీబుల్లా అప్పటికే సుత్తి చేతబట్టుకొని దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"మీ అన్న అమ్మేయమన్నాడు కదమ్మా. ఇంజను ఒక బేరం, చక్రాలు ఒక బేరం, మిగిలిందంతా తూకానికి" అన్నాడు.

"దసరా దాకా దాని మీద సుత్తి పడేదానికి లేదు" అన్నాను.

"దసరాకు ఏముండాది?"

"ఏదో ఒకటి ఉంటాదిలే మామా, నువ్వు ఆగు" అన్నాను. నవ్వి సుత్తి పక్కన పడేశాడు. పెద్దమనిషి.

నాకు కోపం బండి మీద కాదు, నీ మీద. ఈ జన్మలో ఇక స్టీరింగు పట్టనని అమ్మ ముందు ఒట్టు పెట్టుకున్నావట. పులివెందుల గనుల దొర ఊరు విడిచి పోతూ ఆ రెండు సీట్ల బండిని అమ్మకానికి పెడితే, ఇంటిల్లిపాదీ వద్దన్నా కొన్నది నువ్వే కదా. నా పెళ్లికి ముందు, వీధిలో ఆడవాళ్లంతా నోట కొంగులు పెట్టుకొని చూస్తుంటే నాకు జీపు నేర్పిందీ నువ్వే. నీకు అన్నం లేకపోయినా గడుస్తుంది గానీ, బండి లేకపోతే గడవదు. అది నాకు తెలుసు, అమ్మకూ తెలుసు.

ఆ ముద్దనూరు కొండ మలుపులో అసలేం జరిగిందో రాయి. మంచం మీద నీకు వేరే పనేముంది కనుక.

నీ చెల్లెలు
శ్యామల


జమ్మలమడుగు, మిషన్ ఆసుపత్రి,
3 మే 1958

చిరంజీవి శ్యామలకు, పిండికట్టులో ఉన్న అన్న దీవెనలు.

ఒట్టు పెట్టుకున్న మాట నిజం. దాన్ని తీసి గట్టున పెట్టే ఉద్దేశం లేదు. హబీబుల్లాను ఆపవద్దు.

అడిగావు కాబట్టి ఒక్కసారి రాస్తాను, మళ్లీ అడగవద్దు. జమ్మలమడుగు నుంచి ఇంటికి పోతున్నాను. కొండ దిగేటప్పుడు కుడి పక్క లోయ ఉండే పెద్ద మలుపు నీకు తెలుసు. కొంచెం జోరుగానే వచ్చాను. స్టీరింగు ఎడమకు తిప్పాను. చక్రాలు తిరిగాయి, బండి తిరగలేదు. ముక్కు లోయ వైపే నేరుగా పోతోంది. ఇంకా తిప్పాను. వినలేదు. భయం వేసి యాక్సిలేటరు వదిలి బ్రేకు తొక్కాను. అంతవరకూ తిరగనని మొండికేసిన బండి ఒక్కసారిగా గిర్రున తిరిగింది. తోక ముందుకు వచ్చింది. స్టీరింగు ఎటు తిప్పినా దాన్ని ఆపలేకపోయాను. లోయలో పడాల్సినవాణ్ణి, కొండ పక్క కాలవలో పడ్డాను.

వెనక వచ్చిన బస్సు వాళ్లే నన్ను బయటికి లాగారు. వాళ్లలో ఒకడు, "శెట్టి చేతులకు త్రాసు చాలదా, ఇట్లాంటి బండి కావల్సి వచ్చిందా" అన్నాడు. నొప్పిలో కూడా ఆ మాట విన్నాను. వాడన్నది నిజమే అనిపిస్తోంది. ఒకే మలుపులో ఒక బండి ముందు తిరగకపోవడం, తరువాత మితిమీరి తిరగడం ఏమిటి? బండికి రెండు బుద్ధులుండవు కదా. తప్పు చేతులదే. నాలో పనితనం లేదు. ఉందనుకొని ఇన్నేళ్లూ ఊరంతా తిరిగాను.

విరిగింది ఎడమ కాలు, క్లచ్చి తొక్కేది. బాగవుతుందనే డాక్టరు అంటున్నాడు. బాగైతే అంగడికి నడిచిపోతాను.

అమ్మ నా దగ్గరే ఉంది. నువ్వు చూడటానికి వచ్చినప్పుడు ఆమె ముందు ఆ రోజు సంగతి ఎత్తవద్దు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను.

నీ అన్న
గురుమూర్తి


ప్రొద్దుటూరు,
10 జూన్ 1958

అన్నకు,

మళ్లీ అడగవద్దన్నావు. నేను అడగడం లేదు, చెబుతున్నాను.

అమీర్ బాషా నీ బండిని నడిచేటట్లు చేశాడు. బస్సు నడపడం మానేసి ఈ ఊళ్లో మరమ్మతుల షెడ్డు పెట్టిన మన బాషానే. రెక్కను కొట్టి సాపు చేశాడు. చూడటానికి కంచరి సుత్తి పడిన గిన్నెలా ఉంది గానీ, గట్టిగా ఉంది. ఎర్రగుంట్ల దారిలో నాపరాయి గనుల పక్కన మైదానం ఉంది చూడు, రాతిపొడి పరుచుకొని నున్నగా ఉంటుంది. ఆదివారాలు అక్కడ పని ఉండదు. కిరసనాయిలు టిన్నులు గుండ్రంగా పేర్చి, వాటి చుట్టూ బండిని తిప్పి చూస్తున్నాం. బాషా నడుపుతాడు. నేనూ మీ బావా గొడుగు కింద నిలబడి చూస్తాం.

బండికి రెండు బుద్ధులుండవన్నావు. ఉన్నాయన్నా. మెల్లగా పోతే టిన్నుల పక్కనే బుద్ధిగా తిరుగుతుంది. జోరు పెంచితే ముందు చక్రాలు నేల మీద పట్టు వదిలేసి, బండి టిన్నులకు దూరంగా బయటికి పోతుంది. స్టీరింగు ఎంత ఎక్కువ తిప్పితే అంత ఎక్కువ జారుతుంది. అప్పుడు స్టీరింగు కాస్త సడలించి, యాక్సిలేటరు మీద కాలు కాస్త తేలిక చేయాలి. బరువు ముందుకు వచ్చి ముందు చక్రాలు మళ్లీ నేలను పట్టుకుంటాయి. దీనికి ముక్కు జారుడు అని పేరు పెట్టాం.

రెండోది తోక జారుడు. ఈ బండిని తోసేవి వెనక చక్రాలు కదా. మలుపులో ఉండగా యాక్సిలేటరు గట్టిగా తొక్కితే ఆ చక్రాలు పట్టు వదిలేస్తాయి, తోక బయటికి పోతుంది. ఒక్కసారిగా కాలు తీసేసి బ్రేకు తొక్కినా అంతే, బరువంతా ముందుకు దూకి తోక తేలికైపోతుంది. తోక ఎటు పోతే స్టీరింగు అటే తిప్పాలి. బ్రేకు జోలికి పోకూడదు. యాక్సిలేటరును కొంచెంగా, నిలకడగా పట్టుకోవాలి. తోక ఊగి తన దారికి వస్తుంది.

ఇక్కడే నాకు ఒకటి అర్థం కావడం లేదు. నువ్వు చేసినట్లే బ్రేకు కూడా తొక్కించి చూశాను. తోక ఊగింది, స్టీరింగు తిప్పితే సర్దుకుంది. నువ్వు రాసినట్లు గిర్రున తిరగలేదు. నీకెందుకు సర్దుకోలేదు?

బాషా బరువు సంగతి ఎత్తాడు. "ఖాళీ బస్సు తోక ఎగరతాదమ్మా, లోడుంటే కూర్చుంటాది. అన్న ఖాళీ బండిలో పోయింటాడు. సీట్ల ఎనక నాపబండలు పెట్టి చూద్దాం, అప్పుడు కదలమన్నా కదలదు" అంటున్నాడు. వచ్చే ఆదివారం ఆ పని.

శ్యామల


జమ్మలమడుగు,
22 జూన్ 1958

శ్యామలా,

దీవెనలు తరువాత. ముందు దీనికి జవాబు చెప్పు.

అమీర్ బాషాను పదేళ్లుగా ఎరుగుదును. వాడి పొట్ట బస్సు స్టీరింగు కిందనే బిగుసుకొని ఉండేది. నా బండి స్టీరింగుకూ సీటుకూ మధ్య సందెంతో నాకంటే తెలిసినవాళ్లు లేరు. అందులో బాషా ఒక తొడ పెట్టగలడేమో, రెండోది బయటే ఉండాలి. బావకు సైకిలు కూడా రాదు. ఇక మిగిలిందెవరు? గొడుగు కింద నిలబడి చూసే మనిషికి కాలు తేలిక చేస్తే ముందు చక్రాలు నేలను పట్టుకుంటాయని ఎట్లా తెలుస్తుంది? అది సీటులో కూర్చున్న మనిషికి నడుముకు తెలిసే సంగతి.

నీకేమైనా అయితే బావకు నేను ఏం ముఖం చూపించేది? కొంగు గేరు కడ్డీకి చుట్టుకుంటే ఏం చేస్తావు? మానుకో. మానుకోవని తెలుసు, అయినా మానుకో.

మానుకోనంటే ఇది విను. బ్రేకు పని మలుపుకు ముందే, బండి నేరుగా ఉన్నప్పుడే ముగించు. మలుపులోకి మెల్లగా దిగు. నడిమధ్య దాటి ఎదుటి దారి కనిపించాక యాక్సిలేటరు కొద్దికొద్దిగా ఇయ్యి. తన్నినట్లు తొక్కకు. చేతులు బిగబట్టకు. నీకు జీపు నేర్చుకున్నప్పటి నుంచీ స్టీరింగును ముంత పట్టుకున్నట్లు పట్టుకునే అలవాటు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు. పొద్దున్నుంచీ దుప్పటి మీద చేతులు పెట్టి మలుపులు తిప్పుతున్నాను. నర్సు చూసి జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూసింది.

బండల సంగతి బాషాకే వదిలెయ్. బరువు ఉన్నంత మాత్రాన తోక నిలిచేదైతే నేను ఈ మంచంలో ఎందుకుంటాను? ఇక చాలు, అమ్మ గంజి తెస్తోంది.

గురుమూర్తి


ప్రొద్దుటూరు,
14 జూలై 1958

అన్నకు,

సరే, నేనే నడుపుతున్నాను. కొంగు నడుముకు బిగించి, పైన మీ బావ పాత చొక్కా తొడుక్కుంటాను. గని కాపలాదారు మొదటిరోజు నన్ను చూసి ఎవరో సర్కసు వాళ్లనుకున్నాడట. బాషా నిజంగానే ఒకసారి కూర్చోబోయాడు. బయటికి లాగడానికి ఇద్దరు కావల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. సీట్ల వెనక ఇరుకు అరలో నాపబండలు రెండు నిలబెట్టాం. బాషా గంభీరంగా దూరంగా నిలబడి, "ఇంగ తొక్కమ్మా" అన్నాడు. మీ బావ నా పక్కన కూర్చున్నాడు, పాపం, ఆ రోజే తెల్ల పంచె కట్టాడు.

ముందుకంటే తొందరగా ముక్కు జారింది. వెనక బరువు కూర్చునేసరికి ముందు చక్రాలు తేలిపోయినట్లయింది. నేను ఎంత తిప్పినా నేరుగా పోతూనే ఉంది. బ్రేకు తొక్కాను. అప్పుడు వచ్చింది అన్నా తోక. ఖాళీ బండిలో ఊగిన తోక వేరు, ఈ తోక వేరు. ఒకసారి కదిలిందంటే ఆ బండల బరువే దాన్ని లాక్కుపోయింది. స్టీరింగు అటు తిప్పాను, సర్దుకోలేదు. గిర్రున తిరిగి మూడు టిన్నులు పగలగొట్టి, వచ్చిన దారికే ముఖం పెట్టి ఆగాం. మీ బావ రాతిపొడిలో తలంతా నెరిసిపోయి, "అయిపోయిందా" అని అడిగాడు. మళ్లీ చేశాను. మళ్లీ అదే. బండలు దించేసి చేశాను, తోక ఊగి సర్దుకుంది.

బాషా వచ్చి దించిన బండల పక్కన కూలబడ్డాడు. తరువాత, "బస్సుకు ఎనక జంట చక్రాలు. పైగా మలుపుల్లో మేం నడిచినట్లు పోతాం. ఆ లెక్క దీనికి పట్టిస్తి. నాదే పొరపాటు" అన్నాడు.

నేను ఇంటికి వచ్చి నీ మే నెల ఉత్తరం తీసి చదివాను. తిరగనని మొండికేసింది, బ్రేకు తొక్కగానే గిర్రున తిరిగింది, ఎటు తిప్పినా ఆగలేదు. ఒక్క ముక్క తేడా లేదు. ఖాళీ బండి అట్లా చేయదు. ఎన్ని ఆదివారాలు ప్రయత్నించినా నాకు చేయలేదు. మొన్నటి ఉత్తరంలో బరువు ఉన్నంత మాత్రాన అని ఏదో రాయబోయి, అమ్మ వస్తోందని ఆపేశావు.

అన్నా, ఆ రోజు నీ బండిలో ఏముంది?

శ్యామల


పులివెందుల,
9 ఆగస్టు 1958

శ్యామలకు,

ఇంటికి వచ్చాను. కర్ర పట్టుకొని వీధి చివరిదాకా నడుస్తున్నాను. నీ ఉత్తరం అందిన రోజు అన్నం తినలేదు. ఎన్నిసార్లు చదివానో చెప్పలేను.

ఆ రోజు నా బండిలో రెండు నాపబండలున్నాయి.

అమ్మ వంటింట్లో పొయ్యి ముందర నేల గుంటలు పడిందని, కూర్చుంటే మోకాళ్లు నొప్పి పుడుతున్నాయని, జమ్మలమడుగు పోయినప్పుడు నున్నటి బండలు రెండు తెమ్మని చెప్పింది. ఎద్దులబండి వానికి చెబితే వారం పడుతుంది. నా బండి ఉందిగా అనుకొని సీట్ల వెనక పెట్టుకొని బయలుదేరాను. కాలవలో పడ్డప్పుడు అవి ముక్కలై రాళ్లలో రాళ్లయి పోయాయి. ఎవరూ గమనించలేదు. నేను ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి అమ్మ మంచం పక్కన కూర్చొని, "బండలు తెమ్మని నేను చెప్తిని. నువ్వు వాటికోసరమే పోయింటివా?" అని అడిగింది. "లేదమ్మా, ఆ సంగతే మరిచిపోయినా" అన్నాను. ఆమె ముఖంలోకి ప్రాణం వచ్చింది. ఆ తరువాత ఆ అబద్ధాన్ని వదల్లేదు.

నీకైనా రాసి ఉండవచ్చు. రాయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నాకూ బాషా లెక్కే తెలుసు. బరువుంటే తోక కూర్చుంటుందని చిన్నప్పటి నుంచీ బస్సు వాళ్ల నోట వింటున్న మాట. అంత బరువు పెట్టుకొని కూడా బండిని తిప్పేసుకున్నానంటే ఇక నా చేతులు ఎందుకు పనికొస్తాయి అనుకున్నాను. ఇన్ని నెలలుగా ఆ పైకప్పు చూస్తూ అనుకున్నది ఇదొక్కటే. నీ ఉత్తరం చదివి, తలుపు వేసుకొని ఏడ్చాను. సంతోషంతోనే.

అయినా శ్యామలా, కారణం తెలియడం వేరు, ఆ సీటులో కూర్చోవడం వేరు. నిన్న కుర్చీలో కూర్చొని ఎడమ కాలితో క్లచ్చి తొక్కినట్లు తొక్కి చూశాను. కాలు బాగానే ఒంగింది. కానీ ఆ మలుపు గుర్తుకొచ్చి కుర్చీ వదిలి లేచిపోయాను. నా వల్ల కాదు. బండి నువ్వు ఉంచుకో. అమ్మకు ఈ బండల సంగతి ఎన్నడూ తెలియకూడదు.

గురుమూర్తి


ప్రొద్దుటూరు,
21 సెప్టెంబరు 1958

అన్నకు,

నీ బండి నాకు వద్దు. కూర్చుంటే జుట్టంతా చిక్కులు పడుతోంది.

నిన్న ముద్దనూరు కొండకు పోయాను. మీ బావ పక్కన కూర్చున్నాడు, ఈసారి పంచె మీద జాగ్రత్తగా గోనెపట్ట కప్పుకున్నాడు. నువ్వు వచ్చిన దారినే, జమ్మలమడుగు వైపు నుంచి ఎక్కి దిగాం. బండి ఖాళీ. మలుపు కనబడగానే గేరు తగ్గించాను. నువ్వు రాసింది నోటితో పైకి చెప్పుకుంటూ పోయాను. బ్రేకు ముందే. మెల్లగా దిగు. చేతులు బిగబట్టకు. దారి కనిపించాక కొద్దికొద్దిగా. బండి ఆ మలుపులో వంగి, ఏ గొడవా లేకుండా, దువ్వెన జారినట్లు బయటికి వచ్చింది.

మీ బావ కళ్లు తెరిచి, "మలుపెప్పుడు వస్తుంది?" అని అడిగాడు.

కింద బండి ఆపి ఇద్దరం చాలాసేపు నవ్వాం. తిరిగి ఎక్కి మళ్లీ దిగాను. రెండోసారి కావాలనే కొంచెం ఎక్కువ తొక్కాను, తోక కదిలింది, పట్టుకున్నాను. ఎదురుగా వస్తున్న బస్సు డ్రైవరు తల బయటికి పెట్టి చూస్తూ ఉండిపోయాడు. నిన్ను త్రాసు పట్టుకోమన్నవాడే అయి ఉండాలని కోరుకున్నాను.

ఆ మలుపు దాటింది నా చేతులు కాదన్నా. నువ్వు మంచం మీద పడుకొని, దుప్పటి మీద తిప్పి చూసి రాసిన మాటలే దాన్ని దాటించాయి. అవి తెలిసిన మనిషి చేతగానివాడు ఎట్లా అవుతాడు?

హబీబుల్లాకు బేరం లేదని చెప్పేశాను. "దసరా ఇంగా రాలేదే" అన్నాడు. "మాకు ముందే వచ్చింది" అన్నాను. బండి మా ఇంటి ముందరే ఉంది. పులివెందులకు నేను తోలుకురాను, ఎవరితోనూ పంపను. నువ్వు బస్సులో రా, నీ బండిలో పో. డాక్టరుకు కాలు చూపించాలి కదా, జమ్మలమడుగు మీదుగా, ఆ మలుపులోనే పోవాలి. రాకపోతే వానకు తడుస్తూ అక్కడే ఉంటుంది, నీ ఇష్టం.

అమ్మకు నేను ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు.

శ్యామల


పులివెందుల,
12 అక్టోబరు 1958

నా చెల్లెలికి,

మీ ఇంటి ముందర మమ్మల్ని సాగనంపి నువ్వు లోపలికి పోయాక జరిగింది రాస్తున్నాను. బావకు పైకి చదివి వినిపించు. బాషాకు కూడా.

నిన్ను చూసి పోతానని నాతో బస్సులో వచ్చిన అమ్మ, తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కనని మొండికేసింది నువ్వూ చూశావు. "రెండు సీట్లుండాయి కదా, ఒకటి నాది" అని చీర కుచ్చిళ్లు సర్దుకొని కూర్చుంటే కాదనలేకపోయాను. ఒక్కణ్ణే అయితే ఏదో ఒకటి. ఆమెను పెట్టుకొని ఆ మలుపు దిగాలా?

జమ్మలమడుగులో డాక్టరుకు కాలు చూపించి కొండ ఎక్కాం. పైన చదును మీద బండి ఆపేశాను. నేను కూడా స్టీరింగును ముంత పట్టుకున్నట్లు పట్టుకున్నాను. చేతులు తీసి ఒడిలో పెట్టుకున్నాను.

"ఏందిరా, నిలిపేస్తివి?" అంది.

చెప్పేశాను. బండలు కొన్న సంగతి, ఆసుపత్రిలో ఆడిన అబద్ధం, నువ్వు మైదానంలో కనిపెట్టింది, అంతా. ఆమె కొండకేసి చూస్తూ వింది. తప్పు చేశానేమో, చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను.

"నేను ఏడుస్తానని నువ్వు నోరు మూసుకుంటివి" అంది చివరికి. "నీ చేతులు పనికిరాకుండా పాయెనే అని నేను చాటుగా ఏడుస్తాంటి. ఎంత తెలివైనోళ్లంరా ఇద్దరం." కొంగుతో ముఖం తుడుచుకుంది. "బండలు పోతే పోయినాయి. ఇప్పుడు ఎనక ఏముండాది?"

"ఏం లేదమ్మా."

"మల్ల ఇంకేందంట నీకు? పోనీ."

పోనిచ్చాను. బ్రేకు ముందే వేశాను. ముక్కు మలుపులోకి దిగింది, చక్రాలు నేలను పట్టుకున్నట్లు నడుముకు తెలిసింది. ఎడమకు వంగుతున్నాం, కుడి పక్క లోయ, నా కాలు యాక్సిలేటరు మీద కొద్దికొద్దిగా. సగం దాటాక ఎవరో బండి నుంచి రాలిన కంకర దారి మీద ఉంది. ముందుగా చూడలేదు. వెనక చక్రాలు దాని మీదికి పోగానే తోక జారింది. అదే తోక, అదే మలుపు, శ్యామలా. కాలు బ్రేకు మీదికి పోవాలని చూసింది. పోనివ్వలేదు. తోక పోయిన వైపుకే స్టీరింగు తిప్పాను, యాక్సిలేటరును నిలకడగా పట్టుకున్నాను. ఒక క్షణం బండి అడ్డంగా, లోయంతా వెనక చూసే అద్దంలో కనిపించేటట్లు పోయింది. తరువాత తోక ఊగి, తన దారికి వచ్చి, మా వెనకే బుద్ధిగా నడిచింది.

మలుపు బయట నేరుగా ఉన్న దారిలో చేతులు చూసుకున్నాను. స్టీరింగు మీద తేలికగా ఉన్నాయి. గట్టిగా అరవాలనిపించింది. పక్కన అమ్మ ఉందని ఊరుకున్నాను.

ఆమె డాష్‌బోర్డు పట్టుకొని, విడిపోయిన జుట్టు ముఖం మీద పడి, ముందుకు వంగి ఉంది. భయపడిపోయిందనుకున్నాను.

"ఏందిరా అది?" అంది.

"ఏం లేదమ్మా. తోక కొంచెం జారింది. పట్టుకున్నా."

"నువ్వే పట్టుకున్నావా?"

"నేనే."

ఆమె వెనక్కి తిరిగి ఆ మలుపును చూసింది. తరువాత నా చేతులను చూసింది. జుట్టు ముడి వేసుకొని, కొంగు నడుముకు బిగించి, సీటులో సర్దుకొని కూర్చుంది.

"తిప్పు బండి. ఇంగోసారి పోదాం" అంది.

తిప్పాను.

నీ అన్న
గురుమూర్తి